ఎవరి వంతు, ఎంతసేపు? రగ్బీ లీగ్ నియమాల మీద ఒక అభ్యంతరం

పశ్చిమ సిడ్నీలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వంటి పేటలన్నీ పరమట్టా క్లబ్బు ఇలాకాలోనివే కాబట్టి, రగ్బీ లీగ్ మీద ఏ మాత్రం ఆసక్తి లేకుండా ఇక్కడ ఇల్లు తీసుకున్నవారికి కూడా చలికాలమంతా ఆ ఆట గోల చెవిన పడుతూనే ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో నాకు అది ఒకరి మీద ఒకరు పడి దొర్లడం తప్ప మరేమీ కాదనిపించేది. డెబ్బై దాటిన మా పక్కింటి పెద్దాయన ఒక శనివారం సాయంత్రం నన్ను తన టీవీ ముందు కూర్చోబెట్టుకుని, బంతి పట్టుకున్న ఆటగాణ్ణి అవతలివాళ్లు పట్టి పడేసిన ప్రతిసారీ (దాన్నే ట్యాకిల్ అంటారు) ఒక వేలు ముడుస్తూ ఆరు దాకా లెక్కపెట్టి చూపించారు. ఆరు లోపల అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకు తాకించాలి (అదే ట్రై), లేదా బంతిని దూరంగా తన్నాలి. లేకపోతే బంతి అవతలివాళ్లకు ఇచ్చేయాలి. ఆ లెక్క తెలిసిన క్షణం నుంచి నాకు ఆట కనిపించడం మొదలైంది.

చెడుగుడు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది అందని విషయం కాదు. కూతకు వెళ్లినవాడు గీత దగ్గరే అటూ ఇటూ తిరిగి వచ్చేస్తుంటే ప్రేక్షకుడికి విసుగు పుడుతుంది కనుకనే, ప్రో కబడ్డీలో రెయిడ్‌కు 30 సెకన్ల గడువు పెట్టారు. వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోదాన్ని చావో రేవో తేల్చుకునే రెయిడ్‌గా మార్చారు. రగ్బీ లీగ్ ఇదే సమస్యను అర్ధశతాబ్దం ముందే ఎదుర్కొని, ఇదే తరహా పరిష్కారం కనుక్కుంది. నా వాదన కూడా ఇక్కడే మొదలవుతుంది: ఈ ఆటలో వచ్చిన మార్పులన్నిటినీ "బంతి ఎవరి వంతు, ఎంతసేపు" అన్న ఒక్క ప్రశ్నతో కొలవవచ్చు. ఓడిపోతున్న జట్టుకు కూడా వంతు వచ్చేలా చూసిన నియమాలు ఆటను నిలబెట్టాయి. గెలుస్తున్నవాడి వంతును పొడిగించిన నియమాలు దాన్ని పాడుచేశాయి. 2020లో వచ్చిన, ట్యాకిళ్ల లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే "సిక్స్ అగైన్" రెండో రకానికి చెందినదని నా అభిప్రాయం.

అసలు ఈ ఆట పుట్టిందే కూలి డబ్బుల తగాదాలో. ఉత్తర ఇంగ్లండ్‌లోని బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం ఆట కోసం పని మానుకుంటే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని క్లబ్బులు భర్తీ చేయవచ్చునన్న ప్రతిపాదన 1893లో అప్పటి రగ్బీ పాలక సంస్థ రగ్బీ యూనియన్ సమావేశంలో 282–136 ఓట్లతో వీగిపోయింది. తీరుబడిగా ఆడుకునే పెద్దమనుషుల దృష్టిలో ఆటకు డబ్బు పుచ్చుకోవడం పాపం. రెండేళ్లు ఓపిక పట్టిన ఉత్తరాది క్లబ్బులు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి: అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది, పాత ఆట రగ్బీ యూనియన్‌గా మిగిలింది. ఆ పాపాన్ని రగ్బీ యూనియన్ కూడా 1995లో, అంటే సరిగ్గా నూరేళ్లకు, నెత్తికెత్తుకుంది గాని ఆ కథ వేరు.

కూలి ఇస్తామని ఒప్పుకున్నాక ఆ డబ్బు టికెట్ల మీదే రావాలి. టికెట్టు కొన్నవాడికి బురదలో కూరుకుపోయిన, ముందు వరుసల్లో ఆడే బరువైన ఫార్వర్డ్‌ల వీపులు కాక, బంతి కనిపించాలి. అందుకే విడిపోయిన రెండేళ్లకే, 1897లో, బయటికి పోయిన బంతి కోసం రెండు జట్లూ వరుసలు కట్టి ఎగిరే లైనౌట్‌ను ఎత్తేశారు. స్తంభాల మధ్యకు బంతిని తన్ని ఏ రకం గోల్ కొట్టినా 2 పాయింట్లేనని, ట్రై విలువ 3 అని తేల్చారు. 1906లో జట్టుకు పదిహేను మంది బదులు పదమూడు మందిని చేశారు. అదే ఏడాది వచ్చిన ప్లే-ద-బాల్ ఈ ఆటకు సొంత ముఖం ఇచ్చింది: ట్యాకిల్ అయినవాడు లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, పాదంతో వెనక్కి దొర్లించాలి, వెనక నిలబడినవాడు దాన్ని అందుకుంటాడు. యూనియన్‌లో పడ్డవాడి చుట్టూ గుంపు మూగి బంతి కోసం గుంజులాడుతుంది. ఇక్కడ పడ్డవాడిని లేవనిస్తారు. ఎదురుగా నిలిచిన అవతలి జట్టువాడికి, అంటే మార్కర్‌కు, కూడా కాలితో బంతిని లాక్కోవడానికి ప్రయత్నించే హక్కు చాలాకాలం ఉండేది కాబట్టి పోటీ పూర్తిగా పోయిందనలేం గాని, బంతి ఎవరి చేతిలో ఉందో వాడిదే పైచేయి అన్న సూత్రం అక్కడే నాటుకుంది.

అందులో ఉన్న చిక్కు బయటపడడానికి మాత్రం అరవై ఏళ్లు పట్టింది. ట్యాకిళ్లకు పరిమితి లేదు. బంతి జారవిడవకుండా, తప్పు చేయకుండా ఉన్నంత కాలం ఒకే జట్టు దాన్ని అట్టేపెట్టుకోవచ్చు. నలుగురు బలమైన ఫార్వర్డ్‌లు వంతులవారీగా రెండేసి గజాలు తొక్కుకుంటూ పోతే, అవతలి జట్టులో ఎంత వేగంగా పరుగెత్తే వింగర్ ఉన్నా చేతులు నలుపుకుంటూ నిలబడవలసిందే. ఇందులో జనానికి ఆనందమే లేదని చెప్పడం మాత్రం అబద్ధమవుతుంది. 1954లో హాలిఫాక్స్, వారింగ్టన్ జట్ల మధ్య వెంబ్లీలో 4–4తో తేలకుండా పోయిన ఛాలెంజ్ కప్ ఫైనల్‌ను బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సల్ మైదానంలో మళ్లీ ఆడినప్పుడు అధికారిక లెక్క ప్రకారమే 1,02,569 మంది వచ్చారు. పరిమితి లేని ఆట కోసం వచ్చిన జనమే వాళ్లు. పాత ఆట విసుగు పుట్టించేదని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకు ఈ సంఖ్య గుర్తుచేయాలనిపిస్తుంది.

అయినా ఆ నియమం బలవంతుడికి ఎంత అనుకూలమో చూడాలంటే సిడ్నీకి రావాలి. 1956 నుంచి 1966 దాకా వరుసగా పదకొండేళ్లు అక్కడి లీగ్ టైటిల్ అయిన ప్రీమియర్‌షిప్‌ను సెయింట్ జార్జ్ జట్టే గెలుచుకుంది. ప్రపంచంలో ఏ ఆటలోనైనా అరుదైన రికార్డు ఇది. 1963 గ్రాండ్ ఫైనల్ ముగిశాక ఆ జట్టు నాయకుడు నార్మ్ ప్రోవన్, ఓడిన వెస్టర్న్ సబర్బ్స్ నాయకుడు ఆర్థర్ సమన్స్ ఒకరినొకరు పొదివిపట్టుకుని నిలబడిన ఫొటో ఇప్పటి ట్రోఫీ మీద శిల్పంగా ఉంది. ఒకరు తాటిచెట్టంత పొడవు, మరొకరు ఆయన పక్కన బాగా పొట్టి. ఇద్దరూ ఏ జట్టువారో చొక్కాను బట్టి పోల్చుకోవడం కూడా కష్టమయ్యేంత బురద. ఆ ఫొటోను అందరూ ఆటగాళ్ల సౌహార్దానికి గుర్తుగా చూస్తారు. నాకు మాత్రం అందులో ఒక నియమం కూడా కనిపిస్తుంది: ఆ బురదలో, ఆ నియమాల కింద, బంతి ఎవరి చేతిలో పడితే వాళ్లకే ఆ పూట మైదానం రాసిచ్చినట్టు ఉండేది.

1966లో ఇంగ్లండ్‌లో, బీబీసీ టీవీ కోసం రాత్రిపూట దీపాల వెలుగులో ఆడే ఫ్లడ్‌లిట్ ట్రోఫీలో, నాలుగు ట్యాకిళ్ల పరిమితిని పరీక్షించారు. టీవీ కోసం పుట్టిన పోటీలో ఈ నియమం మొదలుకావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. 1967లో ఆస్ట్రేలియా కూడా దాన్ని స్వీకరించింది; ఆ ఏడాదే ఫైనల్‌కు చేరకుండానే సెయింట్ జార్జ్ ఓడిపోయింది, వాళ్లను ఆపింది కాంటర్‌బరీ. ఒక్క నియమం వల్లే ఒక సామ్రాజ్యం కూలిపోయిందనడం అతిశయోక్తి, ఎందుకంటే ప్రోవన్ వంటివారు అప్పటికే తప్పుకున్నారు. అయితే బంతిని గంటలో ముప్పాతిక భాగం తమ దగ్గరే ఉంచుకునే సౌకర్యం పోయాక వాళ్లకు మళ్లీ అంత ఏకపక్షమైన పరంపర కుదరలేదన్నది మాత్రం నిజం. ఆ తర్వాత ఇప్పటిదాకా మరే జట్టుకూ కుదరలేదు.

నాలుగు ట్యాకిళ్లు మరీ తక్కువని వెంటనే తెలిసివచ్చింది. ఊపిరి పీల్చుకునే లోపలే వంతు అయిపోతుంటే ఎత్తులు వేయడానికి వ్యవధి ఉండదు. అందుకని ప్రతి జట్టూ నాలుగో ట్యాకిల్ దగ్గర పడగానే ఆట నడుస్తుండగానే గోల్ స్తంభాల మధ్యకు ఒక ఫీల్డ్ గోల్ తన్ని 2 పాయింట్లు జేబులో వేసుకోవడానికి చూసేది. సౌత్ సిడ్నీ ఫుల్‌బ్యాక్ ఎరిక్ సిమ్స్ ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, 1971లో ఆస్ట్రేలియాలో ఫీల్డ్ గోల్ విలువను సగానికి కోసి 1 పాయింటు చేయడానికి ఆయనే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే 1971లో ఆస్ట్రేలియాలోనూ, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోనూ నాలుగు ఆరయింది. క్రికెట్‌లో మొదటి అంతర్జాతీయ వన్డే మెల్‌బోర్న్‌లో జరిగింది కూడా 1971 జనవరిలోనే. బ్యాట్ పట్టినవాడు ఎంతసేపైనా పట్టుకుని ఉండవచ్చుననే ఆటకు ఓవర్ల గడువు వచ్చిన కాలమే, బంతి పట్టినవాడికి ట్యాకిళ్ల గడువు వచ్చిన కాలం కావడం నాకు ఇష్టమైన పోలిక.

ఆరు ట్యాకిళ్ల నియమాన్ని నేను ఈ ఆటకు ప్రాణంగా భావిస్తాను. నలభై పాయింట్లతో వెనకబడిన జట్టుకు కూడా, తాను చేసుకునే పొరపాట్లు తప్ప, తన వంతు తనకు వస్తుందన్న హామీ అందులో ఉంది. ఆ హామీ 1983లో ఇంకా గట్టిపడింది: అంతదాకా ఆరో ట్యాకిల్ తర్వాత, రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు ఆనించి నెట్టుకునే స్క్రమ్ వేసి బంతి కోసం మళ్లీ పోట్లాడుకునేవారు, ఆ ఏడాది నుంచి బంతిని నేరుగా అవతలి జట్టు చేతిలో పెట్టేయాలన్నారు. అదే ఏడాది ట్రై విలువ 3 నుంచి 4 అయింది. స్క్రమ్‌లో బంతిని నిజాయితీగా మధ్యలోకి వదలడం ఆ తర్వాతి కాలంలో మెల్లగా మాయమై, ఇప్పుడు అది పన్నెండు మంది ఒకరి మీద ఒకరు వాలి సేదతీరే దృశ్యంగా మిగిలింది. దాని కోసం కంటతడి పెట్టే పాతకాపులతో నేను ఏకీభవించను. ఆ తలల గుంపు కింద ఏం జరిగిందో చూడలేని రిఫరీ ఊహించి ఇచ్చే పెనాల్టీలతో మ్యాచ్‌లు తేలిపోవడం కంటే, తేలికపాటి నాటకమే నయం. కోవిడ్ రోజుల్లో ఇంగ్లండ్ సూపర్ లీగ్ స్క్రమ్‌ను పూర్తిగా మానేసి, 2022లో తిరిగి తెచ్చుకుంది. ఆట మాత్రం అది లేనప్పుడూ ఆగలేదు.

ఇక 1993. ఈ ఆట తెలిసినవాళ్లతో మాట్లాడితే నాలుగు ట్యాకిళ్లనీ ఆరునీ గుర్తుచేస్తారు గాని, నా లెక్కలో ఇప్పటి ఆటకు అసలు తల్లివేరు ఈ ఏడాదిలో ఉంది. ప్లే-ద-బాల్ దగ్గర రక్షించే జట్టు అంతదాకా 5 మీటర్లు వెనక్కి వెళ్లి నిలబడేది. దాన్ని 10 మీటర్లు చేశారు. దాడి చేసేవాడికి చోటు ఇవ్వడమే ఉద్దేశం, ఇచ్చింది కూడా. కాని చోటుతో పాటు పరుగు కూడా వచ్చింది. ఎదురెదురుగా ఐదు మీటర్ల నుంచి వచ్చి ఢీకొనే రెండు శరీరాలు వేరు, పది మీటర్ల నుంచి వచ్చేవి వేరు. బరువుతో పాటు వేగం కూడా ఉన్న ఫార్వర్డ్‌లకు గిరాకీ పెరిగింది. అలాంటివాడు అరగంట మించి ఆ జోరు నిలుపుకోలేడు కాబట్టి ఆటగాళ్లను మార్చుకునే సౌకర్యం మీద ఆధారపడడం పెరిగింది. పరిమితి లేకుండా మార్చుకునే రోజులు పోయి, ఆస్ట్రేలియాలో 2001లో 12 మార్పులు, 2008లో 10, 2016లో 8 అని కోసుకుంటూ వచ్చింది ఈ పరుగును అదుపు చేయడానికే.

రక్షించేవాళ్లు ఊరికే కూర్చుంటారా? పడ్డవాడు త్వరగా లేచి బంతి దొర్లిస్తే, పది మీటర్లు వెనక్కి పరుగెత్తడానికి తమకు వ్యవధి చాలదు. అతన్ని ఇంకో రెండు సెకన్లు నేల మీదే ఆపగలిగితే చాలు, తమ గీత కుదురుకుంటుంది. అందుకని ట్యాకిల్ కాస్తా కుస్తీ అయింది. ముగ్గురు కలిసి పట్టుకుని, నిలువుగా ఆపి, వెల్లకిలా పడేసి, లేచేటప్పుడు ఒక్కొక్కరుగా తీరిగ్గా వదలడం. 2003లో క్రెయిగ్ బెలమీ కోచ్‌గా వచ్చాక మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు ఈ కళను మల్లయోధుల శిక్షణతో శాస్త్రంగా మార్చిందన్నది అందరూ ఎరిగినదే; తర్వాత అందరూ నేర్చుకున్నారు. దీన్ని కనిపెట్టడానికి 2009లో మైదానంలో రిఫరీలను ఇద్దరిని చేశారు. అప్పుడు పెనాల్టీలు పెరిగాయి, కాని తమ గీత దగ్గర చిక్కుపడ్డ జట్లు కావాలనే తప్పు చేసి, పెనాల్టీ ఇచ్చుకుని, ఆ ఆగిన సమయంలో ఊపిరి తీసుకోవడం నేర్చాయి. రెండు పాయింట్లు పోయినా ట్రై తప్పుతుందన్నది వాళ్ల లెక్క.

2020 మే నెలలో, కోవిడ్ విరామం తర్వాత ఆటను తిరిగి మొదలుపెట్టినప్పుడు, ఈ మాయకు విరుగుడుగా పీటర్ వ్లాండిస్ నాయకత్వంలోని ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ కమిషన్ రిఫరీని మళ్లీ ఒక్కడిని చేసి, ప్లే-ద-బాల్ దగ్గర తప్పులకు పెనాల్టీ బదులు లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే సిక్స్ అగైన్‌ను తెచ్చింది. 2021లో పది మీటర్లు వెనక్కి వెళ్లనందుకు కూడా అదే శిక్ష వర్తింపజేశారు. ఆట ఆగదు. రిఫరీ చేయి ఊపుతాడు, అంతే.

మొదటి వారాల్లో నాకూ నచ్చింది. ఆటకు పాత చురుకు తిరిగి వచ్చిందని స్నేహితులతో అన్నాను కూడా. కాని ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ చూస్తున్నకొద్దీ తేడా తెలిసింది. ఎవరు తప్పు చేస్తారు? ఎక్కువగా, అలసిపోయి, ఆలస్యంగా వెనక్కి చేరుతున్న జట్టు. వాళ్లకు పడే శిక్ష ఏమిటి? ఇంకో ఆరు ట్యాకిళ్లు చేయడం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అలసినందుకు శిక్ష మరింత అలసట. పాత పెనాల్టీ కావాలని తప్పు చేసినవాడికి ఊపిరి ఇచ్చినమాట నిజమే. కాని నిజంగా వెనకబడినవాడికి కూడా ఇచ్చేది. కొత్త నియమం ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది. 2021లో భారీ తేడాల విజయాలు ఎంత మామూలయ్యాయంటే దాని మీద సీజనంతా చర్చ నడిచింది. ఆ ఏడాదే మెల్‌బోర్న్ వరుసగా 19 మ్యాచ్‌లు గెలిచి 1975 నాటి ఈస్టర్న్ సబర్బ్స్ రికార్డును సమం చేసింది. ఫైనల్‌లో పెన్రిత్ సౌత్ సిడ్నీ మీద 14–12తో గెలిచిందని, కనుక ఆట బాగానే ఉందని వాదించేవాళ్లున్నారు. ఫైనల్ దాకా వచ్చిన రెండు బలమైన జట్లు తలపడితే ఏ నియమం కిందైనా పోటీ ఉంటుంది. నియమాన్ని పరీక్షించవలసింది పట్టికలో పన్నెండో స్థానంలో ఉన్న జట్టు ఆదివారం మధ్యాహ్నం రెండో స్థానం జట్టుతో ఆడే మ్యాచ్‌లో.

అంటే 1967లో తలుపు గుండా బయటకు పంపిన పరిమితి లేని వంతు 2020లో కిటికీ గుండా లోపలికి వచ్చింది. లెక్క ఉంది, కాని ఏ క్షణాన ఒకటి నుంచి మొదలవుతుందో తెలియదు. మైదానంలో ఉన్న ప్రేక్షకుడికి అది ఎందుకు మొదలైందో కూడా తెలియదు. 2022లో దాడి చేసే జట్టు తన సొంత 40 మీటర్ల లోపల ఉన్నప్పుడు సిక్స్ అగైన్ బదులు తిరిగి పెనాల్టీ ఇవ్వాలని సవరించారు. రక్షించేవాళ్లు అక్కడ ఆరు అదనపు ట్యాకిళ్లను ఆనందంగా కొనుక్కుంటున్నారని గ్రహించి చేసిన సవరణ అది. నియమం లోపం ఒప్పుకున్నారు గాని, మైదానంలో మిగిలిన భాగంలో దాన్ని అలాగే వదిలేశారు.

తలకు తగిలే దెబ్బల గురించిన మార్పులను మాత్రం నేను వేరే త్రాసులో తూస్తాను. 1970 గ్రాండ్ ఫైనల్‌లో సౌత్ సిడ్నీ నాయకుడు జాన్ సాట్లర్ తొలి నిమిషాల్లోనే దవడ విరిగినా చివరిదాకా ఆడి గెలిపించాడన్నది ఈ ఆట పురాణాల్లో మొదటి అధ్యాయం. 2013లో భుజంతో ఢీకొట్టడాన్ని నిషేధించినప్పుడు, 2021 మే నెలలో తల మీదికి వచ్చే ట్యాకిళ్లకు ఉన్నట్టుండి ఆటగాళ్లను వరుసగా బయటకు పంపినప్పుడు, ఆ పురాణం పేరు చెప్పి గొడవ చేసినవాళ్లు చాలామంది. కాంటర్‌బరీ మాజీ ఆటగాడు స్టీవ్ ఫోక్స్ చనిపోయాక ఆయన మెదడులో, పదేపదే తగిలిన దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే వ్యాధి ఉందని 2019లో తేలింది. ఆ తర్వాత కూడా ఆ గొడవకు నేను చెవి ఇవ్వలేను. అయితే ఒక చేత్తో తలను కాపాడుతూ, మరో చేత్తో ఆటను క్షణం ఆగనివ్వకుండా ఆటగాళ్లను అలసటలోకి నెట్టడంలో ఉన్న వైరుధ్యాన్ని ఎవరూ గట్టిగా అడగడం లేదు. నడుము వంచే ఓపిక మిగలనివాడే నిలువుగా నిలబడి, చేయి పైకి విసిరి ట్యాకిల్ చేస్తాడు.

ఈ మాటలన్నీ పెద్దాయనతో అన్నప్పుడు ఆయన నా మీదికి 1986ను విసిరారు. పరమట్టా చివరిసారి గెలిచిన ఏడాది అది. ట్రైకి 4 పాయింట్లు చేసి మూడేళ్లయినా ఆ గ్రాండ్ ఫైనల్‌లో ఒక్క ట్రై కూడా పడలేదు. కాంటర్‌బరీ మీద 4–2తో పరమట్టా గెలిచింది. మిక్ క్రోనిన్ కొట్టిన రెండు గోల్స్, అవతలివాళ్లది ఒకటి, మూడూ పెనాల్టీలే. రిఫరీ ఈల మీద తేలిన మ్యాచ్ నీకు సిక్స్ అగైన్ కంటే నచ్చుతుందా అని ఆయన అడిగారు. ఆ మ్యాచ్‌ను ఆయన దగ్గరున్న పాత టేపులో ఇద్దరం కూర్చుని మొత్తం చూశాం. ఈల వేసిన ప్రతిసారీ ఆట ఆగింది, రిఫరీ చేయి చూపించి తప్పు ఏమిటో చెప్పాడు, ఓడుతున్నవాళ్లు మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి పీల్చుకున్నారు, క్రోనిన్ బంతిని నేల మీద కుదురుగా నిలబెట్టుకున్నాడు. ఆరింటి లెక్క ఎనభై నిమిషాలూ పెద్దాయన వేళ్ల మీద ఒక్కసారి కూడా తప్పలేదు. నచ్చుతుందనే చెప్పాను.